విన్నదీ, ముల్లు చూపినదీ సరిచూసుకోండి: కొత్త పైలట్లకు విమానాశ్రయ రేడియో, నావిగేషన్ సాధనాల మార్గదర్శి

విమానం నడపడం నేర్చుకునే విద్యార్థికి చేతులూ కాళ్లూ కొద్ది గంటల్లోనే అలవాటు పడతాయి గాని, బొటనవేలి కింద ఉండే చిన్న మీట మాత్రం చాలాకాలం భయపెడుతుంది. ఆ మీట నొక్కగానే అతని గొంతు టవర్‌లోని కంట్రోలర్‌కే కాక, ఆ ఫ్రీక్వెన్సీ మీద ఉన్న ప్రతి విమానానికీ వినిపిస్తుంది. ఆ బెరుకు వల్ల చాలామంది పుస్తకంలోని వాక్యాలను బట్టీపట్టి అప్పజెప్పడమే రేడియో నేర్చుకోవడం అనుకుంటారు. వాక్యాలు రావడం కష్టమేమీ కాదు. విన్న మాట నిజంగా మనకు చెప్పినదేనా, నావిగేషన్ పరికరంలోని ముల్లు చూపుతున్న దిక్కు మనం అనుకున్న నేలమీది స్టేషన్‌దేనా అని ప్రతిసారీ సరిచూసుకునే అలవాటు రావడమే కష్టం. మాటకు రీడ్‌బ్యాక్ (విన్నది తిరిగి చెప్పడం) ఎలాంటిదో, నావిగేషన్ సాధనానికి ఐడెంట్ (స్టేషన్ పంపే మోర్స్ గుర్తు) అలాంటిది. రెండూ ఒకే పని చేస్తాయి కాబట్టే ఈ మార్గదర్శిలో రెండింటినీ కలిపి చెబుతున్నాను.

మన దేశంలో విమానం నుంచి రేడియోలో మాట్లాడాలంటే ఆర్‌టీఆర్ ఏరో లైసెన్సు ఉండాలి. చాలా ఏళ్లపాటు టెలికమ్యూనికేషన్ల శాఖ దీనిని ఇచ్చేది. 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 ఈ బాధ్యతను పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ పరిధిలోకి తెచ్చింది. పరీక్ష ఎవరు పెట్టినా అడిగే విషయం మారదు: వినడం, రాసుకోవడం, తిరిగి చెప్పడం.

మొదటి మెట్టు: మీ చేతిలోని రేడియో ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి

విమానాల సంభాషణకు వీహెచ్ఎఫ్ పట్టీలో 118 నుంచి 136.975 మెగాహెర్ట్జ్ వరకు కేటాయించారు. దానికి సరిగ్గా కింద, 108 నుంచి 117.95 మెగాహెర్ట్జ్ వరకు వీఓఆర్ (దిక్కు తెలిపే నేలమీది స్టేషన్), ఐఎల్ఎస్ లోకలైజర్ (దిగేటప్పుడు రన్‌వే మధ్యగీతను చూపే సాధనం) ఉంటాయి. ఈ తరంగాలు దాదాపు సూటిగా ప్రయాణిస్తాయి కాబట్టి నేల గుండ్రదనమూ, కొండలూ వాటికి అడ్డు వస్తాయి. నేలమీది యాంటెన్నా ఎత్తును పక్కన పెడితే, మీ ఎత్తును అడుగుల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 1.23తో హెచ్చిస్తే రేడియో అందే దూరం నాటికల్ మైళ్లలో వస్తుంది. 1,000 అడుగుల ఎత్తులో అది సుమారు 39 మైళ్లు, 10,000 అడుగుల్లో 123 మైళ్లు. కింద ఎగురుతూ టవర్ పలకడం లేదని కంగారుపడే విద్యార్థి ముందుగా ఈ లెక్క గుర్తు చేసుకోవాలి. చాలాసార్లు రేడియో చెడిపోయి ఉండదు, విమానం కిందుగా ఉండి ఉంటుంది.

ఎఫ్ఎమ్ ధ్వని అంత శుభ్రంగా ఉండగా విమానాలు ఇప్పటికీ ఏఎమ్ పద్ధతిలోనే మాట్లాడడం కొందరికి వింతగా తోస్తుంది. ఎఫ్ఎమ్‌లో బలమైన సంకేతం బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది, రెండోవాడు పిలిచాడన్న సంగతే కంట్రోలర్‌కు తెలియదు. ఏఎమ్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే చెవిలో కీచుమనే ఈల వినిపిస్తుంది. మాట అర్థం కాకపోయినా, మాట తప్పిపోయిందన్న సంగతి అర్థమవుతుంది. ఆ ఈల వినబడితే ఎవరో ఏదో చెప్పారనీ, అది మీకు అందలేదనీ గ్రహించి మళ్లీ అడగాలి.

ఎగిరేముందు హెడ్‌సెట్ ప్లగ్గులు రెండూ పూర్తిగా లోపలికి దిగాయో లేదో వేలితో నొక్కి చూడండి. నేపథ్య శబ్దాన్ని అణిచే స్క్వెల్చ్‌ను బుస వినిపించేదాకా తెరిచి, ఆ బుస ఆగిన చోట నిలపండి. శబ్దం స్థాయిని ఆ బుసతోనే సరిచేసుకోవచ్చు. రేడియో చెక్ అడిగితే జవాబుగా ఒకటి నుంచి అయిదు వరకు ఒక అంకె వస్తుంది. ఒకటి అంటే ఏమీ అర్థం కావడం లేదు, అయిదు అంటే స్పష్టంగా వినిపిస్తోంది. మూడు వస్తే కష్టపడితే అర్థమవుతోందని అర్థం. అలాంటి రేడియోతో రద్దీ విమానాశ్రయంలోకి బయలుదేరడం మంచిది కాదని నా అభిప్రాయం.

రెండో మెట్టు: మీట నొక్కకముందే కాగితం మీద పని పూర్తి చేయండి

తొడకు కట్టుకునే నీబోర్డు మీద, వాడబోయే ఫ్రీక్వెన్సీలను అవి వచ్చే వరుసలోనే రాసుకోండి: ఏటిస్ (వాతావరణం, రన్‌వే వివరాల రికార్డు ప్రసారం), గ్రౌండ్, టవర్, అప్రోచ్, చివర అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5. ఈ అంకెలను ఎప్పుడూ అమల్లో ఉన్న ఏఐపీ (అధికారిక విమానయాన సమాచార గ్రంథం) నుంచో, చార్టు నుంచో, నోటమ్ (పైలట్లకు ఇచ్చే తాజా ప్రకటన) నుంచో తీసుకోవాలి. సీనియర్ నోటి నుంచి విన్నదీ, పాత పుస్తకంలో చూసిందీ పనికిరావు. వాటి కింద వీఓఆర్, ఐఎల్ఎస్ ఫ్రీక్వెన్సీలను, ప్రతిదాని పక్కనా దాని మోర్స్ గుర్తును చుక్కలూ గీతలుగా రాసుకోండి. మోర్స్ మొత్తం నేర్చుకోనక్కర్లేదు, ఆ రోజు వాడే మూడు నాలుగు అక్షరాలు కళ్ల ముందు ఉంటే చాలు.

ఆ తర్వాత ఏటిస్ వినండి. గాలి, దృశ్యత, మేఘాలు, ఉష్ణోగ్రత, వాడుకలో ఉన్న రన్‌వే, క్యూఎన్‌హెచ్ (ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో పెట్టవలసిన గాలి పీడనం) వరుసగా వస్తాయి. సందేశం మారినప్పుడల్లా దాని అక్షరం మారుతుంది, ఆ అక్షరాన్ని మొదటి పిలుపులో చెప్పాలి. ఒక్కసారి విని సరిపెట్టుకోకుండా రెండోసారి క్యూఎన్‌హెచ్ కోసమే వినండి. దాన్ని ఒక గడిలో పెద్ద అంకెలతో రాసుకోవడం ఎందుకో అయిదో మెట్టులో తెలుస్తుంది.

మూడో మెట్టు: అంకెలూ అక్షరాలూ పలకడం

ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటూ సాగే ఇప్పటి అక్షరమాల 1956 మార్చి 1 నుంచి ప్రపంచమంతటా అమల్లో ఉంది. అంకెల ఉచ్చారణ కూడా నిర్ణయించిందే: మూడుకు ట్రీ, నాలుగుకు ఫోవర్, అయిదుకు ఫైఫ్, తొమ్మిదికి నైనర్. చెడ్డ రేడియోలో ఫైవ్, నైన్ ఒకేలా వినిపిస్తాయి కాబట్టే ఈ మార్పు. తెలుగు మాతృభాషగా పెరిగిన మనం ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. మన మాట అచ్చుతో ముగియడానికి అలవాటు పడింది. అందుకే లెఫ్ట్ మన నోట లెఫ్టు అవుతుంది, ఎయిట్ ఎయిటు అవుతుంది. నెమ్మదిగా మాట్లాడితే ఇది ఇబ్బంది పెట్టదు గాని, తొందరలో ఎయిటు వన్ అన్నప్పుడు మధ్యలో ఎయిట్ టూ వన్ అన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. అంకెకూ అంకెకూ మధ్య చిన్న విరామం ఇవ్వడమే దీనికి మందు.

మాట వేగం నిమిషానికి 100 పదాలు మించకూడదని అంతర్జాతీయ నియమం. మీట నొక్కి, అర సెకను ఆగి, మొదలుపెట్టండి. నొక్కుతూనే మాట్లాడితే మొదటి అక్షరం తెగిపోతుంది, తెగిపోయే ఆ అక్షరం సాధారణంగా మీ కాల్‌సైన్, అంటే రేడియోలో మీ విమానం పేరులోనిదే అయి ఉంటుంది. నొక్కేముందు వినడం అంతకన్నా ముఖ్యం. కొత్త ఫ్రీక్వెన్సీకి మారగానే రెండు మూడు సెకన్లు విని, అవతల ఎవరూ మాట్లాడడం లేదనీ, ఎవరి ప్రశ్నకూ జవాబు బాకీ లేదనీ నిశ్చయించుకున్నాకే మాట్లాడాలి.

నాలుగో మెట్టు: నేల మీద నుంచి గాలిలోకి

మొదటి పిలుపుకు వరుస ఇది: ఎవరిని పిలుస్తున్నారు, మీరెవరు, ఎక్కడున్నారు (కింది ఉదాహరణలో ఏప్రన్, అంటే విమానాలు నిలిపే స్థలం), ఏం కావాలి. ఉదాహరణకు మన సెస్నా 172 నమోదు గుర్తు వీటీ-ఏబీసీ అనుకుందాం. "గ్రౌండ్, విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ, సెస్నా వన్ సెవెన్ టూ, ఏప్రన్, ఇన్ఫర్మేషన్ డెల్టా, రిక్వెస్ట్ టాక్సీ." జవాబుగా, "విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ, టాక్సీ టు హోల్డింగ్ పాయింట్ రన్‌వే టూ సెవెన్ వయా ఆల్ఫా, క్యూఎన్‌హెచ్ వన్ జీరో జీరో ఎయిట్" అని వస్తే, చెప్పినవన్నీ తిరిగి చెప్పి చివర కాల్‌సైన్ చేర్చాలి. కాల్‌సైన్‌ను మీ అంతట మీరు కుదించకూడదు. కంట్రోలర్ కుదించి పిలిచిన తర్వాతే మీరూ కుదించవచ్చు, ఎందుకంటే అదే ఫ్రీక్వెన్సీలో దాదాపు అలాంటి పేరే ఉన్న మరో విమానం ఉందో లేదో ఆయనకే తెలుస్తుంది.

పిలుపులో స్టేషన్ పేరు లాంఛనానికి పెట్టింది కాదు. హైదరాబాద్‌నే తీసుకోండి. బేగంపేట రన్‌వే 09/27, శంషాబాద్ రన్‌వేలు కూడా 09, 27 దిశల్లోనే ఉన్నాయి. ఒకే నగరంలో రెండు విమానాశ్రయాలు, ఒకే దిక్కు అంకెలు. రన్‌వే టూ సెవెన్ అన్న మాట ఒక్కటే విని మీరెక్కడికి వెళుతున్నారో ఎవరూ చెప్పలేరు. శంషాబాద్‌లో సమాంతరంగా రెండు రన్‌వేలు ఉన్నాయి కాబట్టి అక్కడ లెఫ్ట్, రైట్ అన్న మాట మింగేస్తే సగం చిరునామా చెప్పినట్టే.

రన్‌వేకు ముందు గీత గీసి ఉండే హోల్డింగ్ పాయింట్ దగ్గర ఆగడం ఈ ప్రయాణం మొత్తంలో అతి ముఖ్యమైన ఘట్టం. టాక్సీకి అనుమతి రన్‌వే మీదకు అనుమతి కాదు. బయలుదేరాక ఏ దారిలో, ఏ ఎత్తుకు వెళ్లాలో చెప్పే రూట్ క్లియరెన్స్ కూడా టేకాఫ్‌కు అనుమతి కాదు. "లైన్ అప్ అండ్ వెయిట్" అంటే రన్‌వే మీదకు వెళ్లి నిలబడమని మాత్రమే అర్థం. ఎర్రగా వెలుగుతున్న స్టాప్ బార్‌ను (దారికి అడ్డంగా ఉండే లైట్ల వరుసను), అనుమతి విన్నట్టు అనిపించినా దాటకూడదు, ఆగి అడగాలి.

ఈ తేడాలు ఇంత కచ్చితంగా ఎందుకు ఏర్పడ్డాయో తెలియాలంటే 1977 మార్చి 27న టెనెరిఫే దీవిలో జరిగింది తెలియాలి. పొగమంచులో కేఎల్ఎమ్ 747 రన్‌వే చివర నిలబడి, దారి క్లియరెన్స్ అందుకుంది. దాన్ని తిరిగి చెబుతూ, ఆఖర తాము టేకాఫ్ దగ్గర ఉన్నామన్న అర్థం వచ్చే మాట చేర్చింది. అప్పటికే విమానం కదలడం మొదలైంది. టవర్ మొదట ఓకే అని, ఆ వెంటనే టేకాఫ్ కోసం ఆగమనీ తానే పిలుస్తాననీ చెప్పింది. సరిగ్గా అదే క్షణంలో, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని పాన్ అమ్ 747 చెప్పింది. రెండు మాటలూ ఒకదానిమీద ఒకటి పడి కేఎల్ఎమ్ కాక్‌పిట్‌లో ఓకే తర్వాతిదంతా ఈలగా మిగిలింది. రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు. అప్పటి నుంచి టేకాఫ్ అన్న పదాన్ని ఆ అనుమతి ఇచ్చేటప్పుడు, తిరిగి చెప్పేటప్పుడు, రద్దు చేసేటప్పుడు తప్ప మరెక్కడా వాడరు. మిగతా చోట్ల డిపార్చర్ అంటారు. మీరు హోల్డింగ్ పాయింట్‌లో "రెడీ ఫర్ డిపార్చర్" అనడం వెనక ఇంత కథ ఉంది.

అయిదో మెట్టు: రీడ్‌బ్యాక్, దాని హద్దులు

తప్పకుండా తిరిగి చెప్పవలసినవి ఇవి: దారి క్లియరెన్స్, రన్‌వే మీదకు వెళ్లడం, దిగడం, ఎగరడం, దాటడం, దాని మీద ఎదురు దిశలో నడపడం, దాని బయట ఆగడం గురించిన ప్రతి మాట, వాడుకలో ఉన్న రన్‌వే, ఆల్టిమీటర్ సెట్టింగు, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు జవాబిచ్చే పరికరం) కోడు, ఎత్తు, దిక్కు, వేగం. గాలి వివరాలను తిరిగి చెప్పనక్కర్లేదు.

రోజర్ అంటే మీరు చెప్పిందంతా అందింది అని మాత్రమే అర్థం. అవుననీ కాదు, చేస్తాననీ కాదు. అవును అనడానికి అఫర్మ్, కాదు అనడానికి నెగటివ్, విన్నాను, అలాగే చేస్తాను అనడానికి విల్కో, చేయలేను అనడానికి అనేబుల్ ఉన్నాయి. ఈ చివరి మాట మన విద్యార్థుల నోట చాలా అరుదుగా వినిపిస్తుంది. పెద్దవారికి కాదని చెప్పడం మనకు మర్యాదగా తోచదు. కానీ ఇచ్చిన వేగం మీ విమానం వల్ల కాకపోయినా, చూపిన దిక్కులో ఉరుముల మేఘం ఉన్నా అనేబుల్ అని చెప్పి కారణం చెప్పడమే మర్యాద. కంట్రోలర్‌కు మీ అద్దం లోంచి కనిపించేది కనిపించదు.

తిరిగి చెప్పినంత మాత్రాన సరిపోదు, చెప్పినట్టు ఎగరాలి. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద, ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ ఇల్యూషిన్ 76కు 15,000 అడుగుల దగ్గర ఆగమని అనుమతి ఉంది. ఎదురుగా ఎక్కుతున్న సౌదీ 747కు 14,000 అడుగుల హద్దు ఉంది. ఇల్యూషిన్ తన హద్దు కిందికి దిగిపోయింది. రెండూ ఢీకొని 349 మంది మరణించారు. రేడియోలో అంకె సరిగ్గానే పలికినా, ఆ అంకె దగ్గర విమానాన్ని నిలిపేదాకా రీడ్‌బ్యాక్ పూర్తయినట్టు కాదు. మీరు చెప్పగానే ఆల్టిమీటర్ వైపు వేలు చూపి ఆ ఎత్తును పైకి పలకడం అలవాటు చేసుకోండి.

ఇక రీడ్‌బ్యాక్ పట్టుకోలేని తప్పు ఒకటుంది, అది కంట్రోలరే తప్పు అంకె చెప్పడం. 2022 మే 23న పారిస్ చార్లెస్ డి గాల్‌లో దిగుతున్న ఒక ఎయిర్‌బస్ ఏ320కు క్యూఎన్‌హెచ్ 1001 బదులు 1011 అని చెప్పారు. పైలట్లు విన్నదాన్ని నమ్మకంగా తిరిగి చెప్పి, ఆల్టిమీటర్‌లో పెట్టుకున్నారు. ఒక హెక్టోపాస్కల్‌కు దాదాపు 28 అడుగుల తేడా వస్తుంది; పది తప్పితే విమానం ఆల్టిమీటర్ చూపే దానికన్నా 280 అడుగులు కిందుగా ఉన్నట్టు. ఆ విమానం రన్‌వేకు ఇంకా దూరంగా ఉండగానే నేలకు ఆరు అడుగుల ఎత్తుకు వచ్చి, అక్కడి నుంచి పైకి లేచి బయటపడింది. ఏటిస్‌లో సరైన అంకె ఉంది. మీ నీబోర్డు మీద గడిలో పెద్దగా రాసుకున్న క్యూఎన్‌హెచ్ ఇందుకే. రేడియోలో విన్న అంకె దానికన్నా ఒకటి రెండు మారితే వాతావరణం మారిందనుకోవచ్చు. పది మారితే వెంటనే అడగాలి.

ఆరో మెట్టు: వీఓఆర్, దానితో డీఎంఈ

ఇక మాట నుంచి ముల్లుకు వద్దాం. వీఓఆర్ స్టేషన్ రెండు 30 హెర్ట్జ్ సంకేతాలను పంపుతుంది. ఒకటి అన్ని దిక్కులకూ ఒకే రకంగా వెళుతుంది, రెండోది దిక్కును బట్టి దశ మారుతూ తిరుగుతుంది. అయస్కాంత ఉత్తరంలో రెండూ కలిసి ఉంటాయి, మీరు తూర్పున ఉంటే 90 డిగ్రీల తేడా వస్తుంది. ఆ తేడాయే మీరున్న రేడియల్, అంటే స్టేషన్ నుంచి మీరున్న దిక్కు. మీ విమానం ముక్కు ఎటు ఉందో వీఓఆర్‌కు తెలియదు, తెలుసుకోనక్కర్లేదు కూడా. కొత్తవారి గందరగోళంలో సగం ఈ ఒక్క విషయం మనసుకు పట్టకపోవడం వల్లే వస్తుంది.

వాడే వరుస ఇది. ముందు ఫ్రీక్వెన్సీ పెట్టండి. తర్వాత ఐడెంట్ శబ్దం పెంచి, మోర్స్ అక్షరాలను నీబోర్డు మీది చుక్కలూ గీతలతో పోల్చండి. ఐడెంట్ వినిపించకపోయినా, దాని స్థానంలో పరీక్ష అని తెలిపే టీ-ఎస్-టీ వినిపించినా, ముల్లు ఎంత నిటారుగా నిలబడి ఉన్నా ఆ స్టేషన్‌ను వాడకూడదు. సిబ్బంది మరమ్మతు చేస్తున్నప్పుడు సంకేతం వస్తుంది గాని, దానికి ఎవరూ హామీ ఉండరు. ఆ తర్వాత సంకేతం నమ్మదగినది కాదని పరికరం చూపే ఎర్ర జెండా కనబడడం లేదని చూడండి. అప్పుడే కోర్సు ఎంచుకునే ఓబీఎస్ చక్రాన్ని తిప్పి, ముల్లు మధ్యకు వచ్చి టూ (స్టేషన్ వైపు అని) చూపించే అంకె చదవండి. స్టేషన్ వైపు వెళ్లడానికి అదే మీ కోర్సు.

ఉదాహరణకు ఆ అంకె 090 వచ్చిందనుకోండి. విమానాన్ని 090కు తిప్పి కొంతసేపు ఎగిరాక ముల్లు ఎడమకు జరిగింది. అంటే మీ గీత ఇప్పుడు మీకు ఎడమవైపున ఉంది. ఉత్తరపు గాలి మిమ్మల్ని దక్షిణానికి నెట్టింది. ముల్లు వైపు 20 డిగ్రీలు తిరిగి 070లో ఎగరండి. ముల్లు మధ్యకు రాగానే 090కు తిరిగి పోకుండా సగం దిద్దుబాటు ఉంచుకుని 080లో ఎగరండి. ముల్లు నిలబడితే ఆ పది డిగ్రీలే ఆ రోజు గాలికి జవాబు. మళ్లీ ఎడమకు జరిగితే మరో అయిదు కలపండి, కుడికి జరిగితే అయిదు తీసేయండి. విద్యార్థులు సాధారణంగా ముల్లును వెంటాడతారు, అది ఒక చుక్క జరిగితే 30 డిగ్రీలు తిరుగుతారు. దిక్కును పట్టుకుని ఓపికగా చూడడమే ఇందులోని నేర్పు.

వీఓఆర్‌లో ముల్లు పూర్తిగా పక్కకు పోతే పది డిగ్రీలు, ఒక్కో చుక్కకు రెండు డిగ్రీలు. స్టేషన్‌కు 60 మైళ్ల దూరంలో ఒక డిగ్రీ అంటే ఒక మైలు. 30 మైళ్ల దూరంలో ఒక చుక్క అంటే ఒక మైలు. ఓబీఎస్‌లోని అంకె, మీరు ఎగురుతున్న దిక్కు దాదాపు ఒకటిగా ఉంటేనే ముల్లు వైపు తిరగాలన్న సూత్రం పనిచేస్తుంది. తేడా 180 డిగ్రీలు ఉంటే ముల్లు తలకిందుల సలహా ఇస్తుంది. స్టేషన్ నెత్తి మీదకు వచ్చినప్పుడు కొన్ని సెకన్లు ముల్లు ఊగి, టూ మాయమై, ఫ్రమ్ (స్టేషన్ నుంచి అని) వస్తుంది. అప్పుడు ఏమీ తిప్పకుండా అదే దిక్కులో ఎగరండి.

డీఎంఈ దూరం చెబుతుంది. విమానం జంట రేడియో పల్సులు పంపి, నేలమీది పెట్టె 50 మైక్రోసెకన్ల తర్వాత ఇచ్చే జవాబు కోసం ఎదురుచూసి, పోయివచ్చిన సమయాన్ని మైళ్లుగా మారుస్తుంది. ఆ దూరం ఏటవాలుగా కొలిచినది. 6,000 అడుగుల ఎత్తున సరిగ్గా స్టేషన్ మీద ఉన్నా అది సుమారు ఒక మైలు చూపిస్తుంది, సున్నా చూపించదు. దాని ఐడెంట్ వీఓఆర్ ఐడెంట్‌కన్నా హెచ్చు శ్రుతిలో, తక్కువ సార్లు వస్తుంది. వీఓఆర్ ఐడెంట్ లేక ఇదొక్కటే వినిపిస్తుంటే, దూరాన్ని నమ్మవచ్చు గాని దిక్కును నమ్మకూడదు.

ఎన్‌డీబీ అనే నేలమీది రేడియో బీకన్ గురించి కొద్దిగా. చాలా చోట్ల వీటిని తీసేస్తున్నారు. విమానంలోని ఏడీఎఫ్ ముల్లు స్టేషన్ వైపు చూస్తుంది. ముక్కు దిక్కుకు ఆ ముల్లు కోణం కలిపితే స్టేషన్‌కు దిక్కు వస్తుంది, 360 దాటితే 360 తీసేయాలి. రాత్రిళ్లు ముల్లు తిరుగుతుంది, సముద్ర తీరం దగ్గర వంగుతుంది, ఉరుముల మేఘం ఉంటే స్టేషన్‌ను వదిలి మెరుపు వైపు చూస్తుంది. సంకేతం పోయినా చాలా ఏడీఎఫ్‌లలో జెండా పడదు, ముల్లు ఉన్నచోటే నిలిచిపోతుంది. అందుకని ఎన్‌డీబీ వాడుతున్నంతసేపూ ఐడెంట్ సన్నగా వినిపిస్తూనే ఉండాలి.

ఏడో మెట్టు: ఐఎల్ఎస్ మీద దిగడం

లోకలైజర్ యాంటెన్నా రన్‌వే అవతలి చివరన ఉంటుంది. దిగే పైలట్‌కు ఎడమవైపు 90 హెర్ట్జ్, కుడివైపు 150 హెర్ట్జ్ బలంగా ఉండి, రెండూ సమానమైన చోట రన్‌వే మధ్యగీత ఉంటుంది. దిగే వాలును చూపే గ్లైడ్ పాత్ కూడా అంతే, పైన 90, కింద 150, సమానమైన చోట సాధారణంగా మూడు డిగ్రీల వాలు. ఇందులో ముల్లు పూర్తిగా పక్కకు పోతే రెండున్నర డిగ్రీలే, అంటే వీఓఆర్ కన్నా నాలుగింతలు సున్నితం. వీఓఆర్‌లో నేర్చుకున్న పెద్ద దిద్దుబాట్లను ఇక్కడికి మోసుకురాకండి. చివరి రెండు మైళ్లలో రెండు మూడు డిగ్రీల మలుపు చాలు.

ఐడెంట్ చూసుకున్నాక లోకలైజర్ మీద నిలబడి, గ్లైడ్ పాత్‌ను ఎప్పుడూ కింది నుంచే పట్టుకోండి. అసలు వాలుకు పైన, తొమ్మిది డిగ్రీల దగ్గర, దొంగ గ్లైడ్ పాత్ ఒకటి ఉంటుంది. ఎక్కువ ఎత్తులో వచ్చి తొందరగా దిగేవారికి ముల్లు అక్కడ కూడా మధ్యలో నిలిచి నమ్మకం కలిగిస్తుంది. దీన్ని పట్టే లెక్క సులువైనదే. మూడు డిగ్రీల వాలులో మైలుకు 318 అడుగులు దిగుతారు. రన్‌వేకు నాలుగు మైళ్ల దూరంలో మీరు నేలకు దాదాపు 1,300 అడుగుల ఎత్తులో ఉండాలి. చార్టులో ఒక నిర్ణీత బిందువు దగ్గర ఉండవలసిన ఎత్తు ఇస్తారు, అక్కడ ఆల్టిమీటర్‌ను, దూరాన్ని పోల్చి చూడండి. పొంతన లేకపోతే కారణం మూడింట్లో ఒకటి: దొంగ వాలు, తప్పు క్యూఎన్‌హెచ్, తప్పు స్టేషన్. ఏదో తేల్చుకునేదాకా దిగకుండా పైకి లేవండి. దిగే వేగానికి నేలమీది వేగాన్ని అయిదుతో హెచ్చించండి; 90 నాట్లకు నిమిషానికి 450 అడుగులు. మొదటి తరగతి ఐఎల్ఎస్‌లో 200 అడుగుల దగ్గర రన్‌వే గాని దాని లైట్లు గాని కనబడకపోతే మళ్లీ పైకి వెళ్లవలసిందే.

ఉపగ్రహాల సాయంతోనూ ఇలాంటి మార్గదర్శనం మన దేశంలో అందుబాటులో ఉంది. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి రూపొందించిన గగన్ వ్యవస్థ జీపీఎస్ లోపాలను దిద్ది ఉపగ్రహం ద్వారా పంపుతుంది. ఐఎల్ఎస్ పెట్టలేని చిన్న విమానాశ్రయాలకు ఇది పెద్ద వరం. అయితే జీపీఎస్ సంకేతాన్ని అడ్డుకోవడమే కాక, నకిలీ సంకేతంతో మోసగించడమూ ఇప్పుడు జరుగుతోంది. తెర మీద మ్యాప్ ఎంత అందంగా కనిపించినా, పక్కన ఒక వీఓఆర్, డీఎంఈ పెట్టి ఉంచి అప్పుడప్పుడు పోల్చుకునే పైలట్‌నే నేను నమ్ముతాను.

ఎనిమిదో మెట్టు: రేడియో మూగబోతే, ప్రమాదం ముంచుకొస్తే

జవాబు రాకపోతే వరుసగా చూడండి: శబ్దం స్థాయి, ప్లగ్గులు, ఫ్రీక్వెన్సీ అంకెలు, రెండో రేడియో. అప్పటికీ లేకపోతే ఇంతకుముందరి ఫ్రీక్వెన్సీకి వెళ్లి అడగండి, తర్వాత 121.5 ప్రయత్నించండి. ఎవరూ పలకకపోతే ట్రాన్స్‌పాండర్‌లో 7600 పెట్టి, "ట్రాన్స్‌మిటింగ్ బ్లైండ్" అని మొదలుపెట్టి మీ సందేశాన్ని రెండుసార్లు చెప్పండి. మీకు వినిపించకపోయినా మీ మాట వారికి వినిపిస్తూ ఉండవచ్చు. కళ్లతో చూస్తూ ఎగిరే వాతావరణంలో ఉంటే అలాగే కొనసాగి, దగ్గరలోని అనువైన విమానాశ్రయంలో దిగి కబురు చేయండి. టవర్ వైపు చూస్తూ ఉండాలి. గాలిలో ఉన్నప్పుడు నిలకడైన పచ్చ వెలుగు దిగమని, మినుకుమినుకుమనే పచ్చ దిగడానికి తిరిగి రమ్మని, నిలకడైన ఎరుపు ఇతరులకు దారి ఇచ్చి చుట్టూ తిరుగుతూ ఉండమని, మినుకుమనే ఎరుపు ఇక్కడ దిగడం సురక్షితం కాదని అర్థం. చూసినట్టు పగలు రెక్కలు ఊపి, రాత్రి ల్యాండింగ్ లైట్లు రెండుసార్లు వెలిగించి ఆర్పి తెలపండి.

ప్రాణాపాయమైతే మేడే అని మూడుసార్లు, తక్షణ ప్రమాదం కాకపోయినా సాయం కావాలంటే పాన్ పాన్ అని మూడుసార్లు చెప్పండి. 7700 పెట్టండి. సంకోచం ఇక్కడ ప్రాణాలు తీస్తుంది. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర అవియాంకా 52 ఇంధనం అయిపోయి కూలి 73 మంది మరణించారు. ఆ సిబ్బంది తమకు ప్రాధాన్యం కావాలనీ, ఇంధనం అయిపోతోందనీ చెప్పారు గాని, ఎమర్జెన్సీ అన్న మాటను కంట్రోలర్లకు అనలేదు. అందువల్ల అవతలివారు అది అత్యవసరమని గ్రహించలేదు. తగిన పదం వాడితేనే తగిన వ్యవస్థ కదులుతుంది. ముందు విమానాన్ని ఎగరేలా ఉంచండి, తర్వాత ఎటు వెళ్లాలో చూడండి, ఆ తర్వాతే మాట్లాడండి. కానీ మాట్లాడినప్పుడు మేడే అనడానికి మొహమాటపడకండి.

చివరి మెట్టు: ఇంజిన్ ఆపేముందు

దిగాక రన్‌వే మీద ఆగకుండా, విమానం మొత్తం హోల్డింగ్ గీత దాటాకే రన్‌వే ఖాళీ చేసినట్టు చెప్పండి. అంతకుముందు గ్రౌండ్‌కు మారకండి, టవర్ మారమని చెప్పేదాకా టవర్‌లోనే ఉండండి. ఏప్రన్ మీద ఆగాక, రేడియోలు కట్టేముందు ఒకసారి 121.5 పెట్టి పది సెకన్లు వినండి. విమానంలోని అత్యవసర బీకన్, అంటే ఈఎల్‌టీ, కాస్త గట్టి ల్యాండింగ్‌కే తనంతట తాను మోగడం మొదలుపెట్టవచ్చు. ఇప్పటి బీకన్లు 406 మెగాహెర్ట్జ్‌లో ఉపగ్రహాలకు కబురు పంపుతూ, దగ్గరికి వచ్చిన వెతుకుబృందాల కోసం 121.5లో కూడా శబ్దం చేస్తాయి. పైనుంచి కిందికి జారుతూ మళ్లీ మళ్లీ వచ్చే ఆ ఊళ వినిపిస్తే, అది మీ విమానానిదో పక్క విమానానిదో చూసి, మీదే అయితే ఆపి, వెంటనే టవర్‌కు చెప్పండి. ఏమీ వినిపించకపోతే అప్పుడు స్విచ్ కట్టండి.